కల్లు డిపో దగ్గర ఆగిపోయిన ఎర్ర చుక్క

గంగాధర్ సేటు చెయ్యి చాపాడు. రాజేశం జేబులోంచి బండి తాళం తీసి ఆ చేతిలో పెట్టాడు. సేటు దాన్ని గోడ మీద టీవీ కింద ఉన్న మేకుకు తగిలించాడు. ఆ టీవీలో కోరుట్ల నుంచి శంషాబాద్ దాకా పటం, పటం మీద నాలుగు ఎర్ర చుక్కలు, మూలన పచ్చగా మిణుకుమంటూ "లైవ్" అనే మాట.

"నేనంటలేను రాజేశం, గది అంటున్నది" అన్నాడు సేటు టీవీ వైపు చూపించి.

"దానికి నోరున్నదా సేటూ?"

"లేదు గావట్టే అబద్ధం చెప్పది."

పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను టీ తాగుతున్నాను. సిరిసిల్లకు ఒక బండి మాట్లాడుకుందామని వెళ్లినవాణ్ణి, ఒక మనిషి కొలువు ఊడటం చూస్తూ కూర్చున్నాను. సేటు తాళంతో ఆగలేదు. బల్ల మీద ఒక కాగితం ఉంది, ఎర్ర పెన్నుతో రెండు చోట్ల సున్నాలు చుట్టినది. రాజేశం నడిపిన బండి సిరిసిల్లకు ఇవతల కల్లు డిపో ముందు నాలుగు గంటలు నిలబడిందని మొదటి సున్నాలో ఉంది. రెండో సున్నాలో, హద్దు మీరిన వేగం అని ఉంది. సేటు దాన్ని ఫోన్‌తో ఫొటో తీసి, ఆ చుట్టుపక్కల ఎయిర్‌పోర్టు బండ్ల ఓనర్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

తాళం ఇచ్చినప్పుడు రాజేశం నిటారుగానే ఉన్నాడు. ఫొటో వెళ్లినట్టు ఫోన్ చప్పుడు చేసినప్పుడు మాత్రం గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

ఎందుకో తెలియాలంటే ఈ బండ్ల సంగతి తెలియాలి. ఇబ్రహీంపట్నం, మల్లాపూర్, రాయికల్ వైపు పల్లెల్లో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు. వాళ్లను విమానం దగ్గర దింపేవి ఈ బండ్లు. పోయేవాడి వెంట తల్లి, భార్య, పిల్లలు ఎయిర్‌పోర్టు దాకా వెళతారు. తిరిగి వచ్చేటప్పుడు బండిలో ఆడవాళ్లు, నిద్రపోతున్న పిల్లలు, ముందు సీట్లో డ్రైవరు. అందుకే ఫోన్ చేసేవాళ్లు బండిని కాదు, డ్రైవరును అడుగుతారు: "రాజేశంను పంపుండ్రి." తాగుతాడని పేరు పడ్డవాణ్ణి ఎవరూ అడగరు. అందులోనూ రాజేశం తండ్రి తాళ్లెక్కి కల్లు గీసిన గౌడు. ఆ ఇంటివాడు కల్లు డిపో దగ్గర ఆగాడంటే, నిజమేనా అని రెండోసారి విచారించే ఓపిక ఎవరికీ ఉండదు.

"మా నాయిన గీసిన కల్లే నేను తాగలే సేటూ. పైసలిచ్చి ఊరోని కల్లు తాగుతనా?" అన్నాడు రాజేశం.

"మరి నాలుగు గంటలు గాడ ఏం జేసినవ్? తపస్సు జేసినవా?"

నా ప్రయాణంలో ఇది రెండో రోజు. మొదటి రోజు నుంచి చెబుతాను.

జగిత్యాల

మాది ఖమ్మం. ముప్పై ఏళ్లకు పైగా దినపత్రికలో ఇతరులు రాసిన ఊళ్ల వార్తలు దిద్దాను; ఆ ఊళ్లు మాత్రం చూడలేదు. ఉద్యోగం అయిపోయాక ఒక్కొక్కటీ చూస్తున్నాను. గల్ఫ్‌కు పోయే దారి ఎలా ఉంటుందో చూద్దామని ఈసారి జగిత్యాలలో దిగాను.

లాడ్జిలో మేనేజరు తల వెనుక గోడకు మూడు గడియారాలు ఉన్నాయి. కింద ఇండియా, దుబాయ్, రియాద్ అని పేర్లు. మూడూ ఆగిపోయాయి, మూడూ మూడు వేర్వేరు వేళల దగ్గర. మేనేజరు రిజిస్టరులో నా రాక వేళ రాయడానికి ఫోన్ తీసి చూసుకున్నాడు.

"వాటిని తీసెయ్యరాదా?" అన్నాను.

"తీస్తే గోడ బోసిగ కనవడ్తది సార్."

"సెల్లు వెయ్యచ్చుగా?"

"ఏస్తే ఏమొస్తది? అందరికి ఫోన్లున్నయి."

ఇందులో వాదించడానికి ఏమీ లేదు. గడియారం వేళ చెప్పాలని ఆ లాడ్జిలో ఎవరూ అనుకోవడం లేదు. గోడ నిండితే చాలు.

సాయంత్రం బస్టాండు వెనుక వీధిలో సర్వపిండి తిన్నాను. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, కరివేపాకు వేసి గిన్నె అడుగుకే అంటించి కాలుస్తారు. మా ఖమ్మం వైపు ఇలాంటిది హోటల్లో అడిగితే మొహం చూస్తారు. ఇక్కడ ముప్పై రూపాయలకు అరచేయి కన్నా పెద్దది, పక్కన ఉల్లిగడ్డ ముక్క. అమ్మే ఆవిడ కొడుకు దుబాయ్‌లో ఉన్నాడట. అక్కడ ఇప్పుడు వేళ ఎంత అయిందో ఆవిడ నోటిలెక్కతో చెప్పింది. లాడ్జి గడియారాల కన్నా నమ్మదగిన మాట. ఎయిర్‌పోర్టు దారి చూడాలంటే కోరుట్ల పొమ్మని చెప్పిందీ ఆవిడే. "గాడ సేట్లు టీవీ పెట్టుకొని బండ్లను సూస్తుంటరు. సినిమ లెక్క ఉంటది" అంది.

కోరుట్ల

మార్చి నెల. దారి పొడుగునా ఉడకబెట్టిన పసుపు వాసన. కళ్లాల్లో కొమ్ములు ఆరబోశారు. దూరం నుంచి చూస్తే ఎవరో చీరలు పరిచినట్టుంది. దిగి రెండడుగులు వేసేసరికి చెప్పులు పచ్చబడ్డాయి.

గంగాధర్ సేటు ఆఫీసు మెయిన్ రోడ్డు మీదే. నలభై ఏళ్ల మనిషి, చేతికి దుబాయ్ గడియారం, అది నడుస్తోంది. పత్రికలో పనిచేశానని చెప్పగానే బండి మాట పక్కనబెట్టి టీవీ చూపించాడు. కొత్త ఇల్లు కట్టినవాళ్లు ఇల్లంతా తిప్పి చూపించే తీరులో అంతా విప్పి చెప్పాడు. బండి పైకప్పు మీద అగ్గిపెట్టెంత నల్ల బిళ్ళ, అడుగున అయస్కాంతం. దాని నుంచి ఒక వైరు సీటు కింద ఉన్న పెట్టెలోకి. బిళ్ళ ఆకాశంలో ఉపగ్రహాలను చూసుకుని తాను ఎక్కడుందో సెకనుకోసారి పెట్టెకు చెబుతుంది. పెట్టె రాసుకుంటుంది, సిమ్ కార్డుతో ఈ టీవీకి పంపుతుంది. ఇంటివాళ్ల ఫోన్లలో కూడా చూసుకోవచ్చు.

"ఇదివరకు బండెక్కడ, బండెక్కడ అని ఒకటే ఫోన్లు సార్. పానం తీసేటోళ్లు. గిప్పుడు ఫోనే లేదు. అందరు సుక్కనే సూస్తుంటరు."

"మీరూ చుక్కనే చూస్తారా?"

"నేను పండుకున్నా సూస్త."

వారానికోసారి పెట్టె రాసుకున్నదంతా కాగితం మీద తీసి చదువుతాడట. అంతకు ముందు వారం కాగితంలోనే దొరికింది కల్లు డిపో. అంతలో రాజేశం బండి కడిగి లోపలికి వచ్చాడు. తర్వాత జరిగింది మొదటే చెప్పాను.

ఆ ట్రిప్పులో ఉన్నది నరేశ్ అనే ఒక్క ప్రయాణికుడు. ఇంటి దగ్గర పసుపు తవ్వకం నడుస్తోందని అతని వెంట ఎవరూ బయలుదేరలేదు. సేటు రియాద్‌కు ఫోన్ చేసి అతన్ని అడిగాడట.

"మా అత్తమ్మ డిపో కాడ సకినాల డబ్బ ఇచ్చింది, డబ్బ మీద గట్టినంక నేను పండుకున్న, లేసేవరకు ఎయిర్‌పోర్టు అన్నడు" అని సేటు చెప్పాడు.

"గదే గదా నేను చెప్తున్న. డబ్బ గట్టిన, పోయిన" అన్నాడు రాజేశం.

"వాడు పండుకున్నంక నువ్వేం జేసినవో వానికేమెరుక?"

నేను కాగితం అడిగి తీసుకున్నాను. వరసగా వేళలు, పక్కన చోటు, పక్కన వేగం. డిపో ముందు నాలుగు గంటల పాటు ఒకే చోటు, వేగం సున్నా. ఆ తర్వాతి వరసలో శంషాబాద్. మధ్యలో ఏ ఊరూ లేదు. కల్లు డిపోకూ ఎయిర్‌పోర్టుకూ నడుమ ఉన్న నూట యాభై కిలోమీటర్లకు పైబడిన దారిని బండి ఒక్క నిమిషంలో దాటిందని ఆ కాగితం చెబుతోంది. రెండో సున్నా చుట్టింది దానికే.

"సేటుగారూ, ఏ బండైనా ఇంత వేగం పోతుందా?"

"గదే నేను మొత్తుకునుడు సార్. తాగి లేటు జేసిండు. ఫ్లైటు అందుకోవాలెనని గంత స్పీడు కొట్టిండు."

నేను అతని మొహం చూశాను. పరాచికం కాదు. విమానాన్ని అందుకోవడానికి రాజేశం విమానం కన్నా వేగంగా పోయాడని ఆ మనిషి మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. డెస్కు మీద ఉన్నప్పుడు ఏ విలేఖరి ఇలాంటి వార్త పంపినా చించి బుట్టలో వేసి, అతనికి ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెట్టేవాణ్ణి. ఇక్కడ అదే వార్త టీవీ పంపింది కాబట్టి సాక్ష్యమైంది. గ్రూపులో చూసిన ఓనర్లలోనూ ఒక్కరికీ ఆ వేగం అనుమానం కలిగించలేదు. అప్పటికే నవ్వే బొమ్మలు మూడు వచ్చాయి. ఒకాయన "గౌడ్‌సాబ్ ఫుల్ ట్యాంక్" అని రాశాడు.

రాజేశం సేటు ఫోన్‌లో అది చదివి, దాన్ని బల్ల మీద బోర్లా పెట్టాడు. "పెట్టె జేసినాయినను అడుగుదాం సేటూ. సిరిసిల్ల వేణును. గాయిన గూడ నేను తాగిన్ననంటే, తాగిన్నని నేనే రాస్త."

"సలో. రేపే పోదాం. సార్‌కు గూడ సిరిసిల్ల పనున్నదట."

రుద్రంగి దారి

మూడో రోజు పొద్దున్నే అదే బండిలో బయలుదేరాం. నడిపింది సేటు. రాజేశం వెనక నా పక్కన కూర్చున్నాడు, తన బండిలో తాను చుట్టంలా. మొదటి పది కిలోమీటర్లు అతని కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

సేటు నడపడం చూస్తే ఆ కాలి సంగతి అర్థమైంది. స్టీరింగు పక్కన ఫోన్ పెట్టుకుని, అందులో తన చుక్క కదులుతోందా లేదా అని చూస్తూ పోతాడు. కథలాపూర్ దాటామన్నది కిటికీలోంచి కనిపిస్తున్నా, చుక్క దాటేదాకా దాటినట్టు ఒప్పుకోడు. "సూసిండ్రా సార్, బరాబర్ సూపెడ్తున్నది!" అంటాడు. మనిషి తాను ఉన్న చోటు ఫోన్‌లో కనిపించిందని ఇంత సంతోషపడటం నేనెప్పుడూ చూడలేదు.

రుద్రంగి ఇంకా రాకముందు, ఆ సంతోషంలోనే, రోడ్డు మీద సగం దాకా ఎండబోసిన మక్కల మీదికి, అంటే మొక్కజొన్నల మీదికి, బండి ఎక్కించాడు. గింజలు చక్రాల కింద పటపటలాడాయి. ఒక రైతు తలగుడ్డ సర్దుకుంటూ లేచి వచ్చాడు.

"ఏమయ్యా, కండ్లు ఏడ పెట్టినవ్?"

"మ్యాపుల గీడ ఏం లేదే!" అన్నాడు సేటు.

"మ్యాపుల లేకుంటే మక్కలు లెవ్వా? దిగు. దిగి సూడు."

దిగాం. ముగ్గురం కాళ్లతో మక్కలు కుప్పకు తోశాం. రోడ్డు మీద పంట ఎండబోయడం తప్పు కాదా అని నేను అడిగేలోపే ఆ రైతు నా వైపు తిరిగి, "కళ్లం ఊర్ల ఉన్నది సార్, గాడికి తోలిచ్చి మల్ల గీడికి తేవాలె. రోడ్డే నయం" అన్నాడు. వచ్చేపోయేవాళ్లందరూ అదే అడుగుతారు కాబోలు. రాజేశం చివరి గింజ దాకా చేత్తో ఊడ్చాడు. మళ్లీ బండెక్కాక సేటు ఫోన్ చూసి, ఆ చోట మనం ఆగినట్టు చుక్క చక్కగా చూపించిందని మెచ్చుకున్నాడు.

కల్లు డిపో

వేములవాడలో దిగలేదు. సేటు లోపలినుంచే గుడి వైపు చేతులు జోడించి, చుక్కకు కూడా దండం పెట్టించినంత తృప్తిగా ముందుకు పోనిచ్చాడు. సిరిసిల్ల ఇంకా రాకముందు ఒక మలుపులో బండి ఆపి, "గిదే సార్ జాగ" అన్నాడు, నేరం జరిగిన చోటు చూపించే పోలీసులా.

డిపో అంటే నాలుగు రేకులు, ప్లాస్టిక్ డ్రమ్ములు, బెంచీలు. పొద్దున పూటే కాబట్టి జనం పల్చగా ఉన్నారు. డిపోకు ఆనుకుని చిన్న పందిరి. అందులో ఉడికించిన గుడాలు, మిరపకాయ బజ్జీలు, వేయించిన చిన్న చేపలు. అమ్మే ఆవిడ రాజేశంను చూడగానే లేచింది.

"కొడుకా, మా అల్లుడు మంచిగ ఎక్కిండా ఆ దినం? ఫోన్ల నిదానంగ మాట్లాడనే మాట్లాడడు."

నరేశ్ అత్త లచ్చవ్వ ఈవిడే. గల్ఫ్ పోయేవాడికి అత్తగారిల్లు దారిలో ఉంటే, ఇచ్చేది ఏదైనా రోడ్డు మీదికే తెచ్చి ఇస్తారట ఇటువైపు. బయలుదేరినవాడు మళ్లీ ఒక గడప ఎక్కకూడదని. మా ఖమ్మంలో అయితే ప్రతి చుట్టం ఇంటిలో ఆగి కాఫీ తాగి, చివరికి రైలు తప్పిపోతుంది. ఈ పద్ధతి నాకు నచ్చింది. లచ్చవ్వ గడప ఊళ్లో ఉన్నా ఆవిడ పొద్దంతా ఉండేది ఈ పందిట్లో. అందుకని డబ్బా చేతులు మారింది కల్లు డిపో ముందు.

సేటు బెంచీ మీద కూర్చుని గుడాలు చెప్పాడు. ఆకు దొప్పలో శనగలు, పైన ఉల్లిగడ్డ, కారం, పదిహేను రూపాయలు. తింటూనే విచారణ మొదలుపెట్టాడు.

"అవ్వా, నిజం చెప్పు. ఆ దినం గీయిన ఎంతసేపున్నడు గీడ?"

"ఎంతసేపేంది? ఇంజను బందు పెట్టలే. మా వోడు నా కాళ్లు మొక్కిండు, గీ కొడుకు డబ్బ మీద గట్టిండు, పోయిండ్రు."

"కల్లు?"

"కల్లా? నేనే కొద్దిగ తాగు కొడుకా అన్న. అవ్వా, నేను బండి తోలాలె అన్నడు. నీళ్లు గూడ తాగలే."

"నువ్వు గట్లనే అంటవ్ తియ్యి. డిపో కాడ బత్కేదానివి."

లచ్చవ్వ చేతిలో గరిటె ఆగింది. "నా గుడాలు నమ్మి తింటున్నవ్. నా మాట నమ్మవా సేటూ?"

సేటు ఇంకో దొప్ప పెట్టమన్నాడు. అదే జవాబు.

నాకు మాత్రం ఆవిడ మాటలు ఇంకొన్ని వినాలనిపించింది. డబ్బాను లోపల ఎందుకు పెట్టలేదని అడిగాను. దానికి ఆవిడ మొహం వెలిగింది. సకినాలు చేసినవాళ్లకు వాటి రవాణా గురించి అడిగితే ఎలా ఉంటుందో అలాగే.

"లోపల పెడితే పెట్టెల కింద పడి పొడి పొడి ఐతయి సార్. రెండు దినాలు కూసోని సుట్టిన. నూనె డబ్బ లేదా, పదిహేను కిలోల రేకు డబ్బ, నిండుగ నింపిన. మీద పెట్టు కొడుకా అన్న. జారుతది అవ్వా అన్నడు. గీ నల్ల బిళ్ళ ఉన్నది గదా, గీని మీద కూసోపెట్టు, కదలది అన్న. మంచిగ కూసున్నది. తాడేసి కట్టిండు."

రాజేశం తల ఊపాడు. సేటు శనగలు నములుతున్నాడు. నేను బండి పైకప్పు వైపు చూశాను. ఎండలో ఆ నల్ల బిళ్ళ ఖాళీగా, అమాయకంగా ఉంది. ఏదో తగిలింది కానీ, నాకు కాగితాల్లో తప్పులు పట్టడమే వచ్చు. బిళ్ళల సంగతి తెలియదు.

సిరిసిల్ల

సిరిసిల్లలో ముందు చెవులకు పని పడుతుంది. మరమగ్గాలను ఇక్కడ సాంచెలు అంటారు. ఒక్కో వీధిలో ఇంటింటికీ అవే. టకటక శబ్దంలో టీ కొట్టువాడు పెదాలు చూసి ఆర్డరు తీసుకుంటున్నాడు. నేను చక్కెర తక్కువ అన్నాను. రెండింతలు వేసి ఇచ్చాడు.

వేణు దుకాణం రెండు సాంచెల షెడ్ల నడుమ. వైర్లు, విప్పిన టీవీలు, పైన దేవుడి పటం, దానికీ ఒక బల్బు. సేటు కాగితం ఇచ్చాడు. వేణు రెండో సున్నా దాకా చదివి, అరవకపోతే వినపడదు కాబట్టి అరిచాడు: "అన్నా, గిది బండా, రాకెటా?"

సేటు నవ్వలేదు.

వేణు ల్యాపుటాపు పట్టుకుని బండిలోకి ఎక్కాడు. పెట్టె నుంచి వైరు పీకి తన ల్యాపుటాపుకు పెట్టాడు. నల్లటి తెర మీద తెల్లటి వరసలు పుట్టుకొచ్చాయి, సెకనుకు కొన్ని. ప్రతి వరస మొదట డాలరు గుర్తు. తర్వాత అక్షరాలు, అంకెలు, కామాలు. బిళ్ళ నోటి నుంచి సూటిగా వచ్చే మాట ఇదే, టీవీకి ఎక్కకముందు.

"గీ వరుస సూడుండ్రి సార్. గిది టైము. దాని పక్క గీ అక్షరం ఉన్నది సూడు, ఏ అని. ఏ అంటే నాకు ఆకాశం కనవడ్తున్నది, నేను చెప్పేది నమ్ముండ్రి అని. వి అని వస్తే నాకేం కనవడ్తలేదు, నన్ను నమ్మొద్దు అని. గది దానంతటదే చెప్తది. ఆ దినం మీద ఏమన్న పెట్టిండ్రా?"

"సకినాల డబ్బ" అన్నాడు రాజేశం.

"గుడ్డ సంచా?"

"రేకు డబ్బ."

వేణు దిగి దుకాణంలోంచి తన స్టీలు టిఫిన్ మూత తెచ్చాడు. బిళ్ళ మీద బోర్లించి చేత్తో అదిమి పట్టుకున్నాడు. నేను, సేటు, రాజేశం ముగ్గురం సీట్ల మీద వంగి తెర చూస్తున్నాం. ఏ, ఏ, ఏ. కాసేపటికి వి. అక్షరాల పక్కన ఉండాల్సిన అంకెలు మాయమై ఉత్త కామాలు మిగిలాయి. మూత తీశాడు. కాసేపు వి, మళ్లీ ఏ. అంకెలు తిరిగి వచ్చాయి.

రాజేశం నుదురు తుడుచుకున్నాడు.

డిపో నుంచి ఎయిర్‌పోర్టు దాకా దారంతా ఆ బిళ్ళ గొంతు చించుకుని నన్ను నమ్మొద్దు, నన్ను నమ్మొద్దు అని చెబుతూనే ఉందన్నమాట, ఒక రేకు డబ్బా కింద కూర్చుని. డబ్బా దించాక గానీ దానికి ఆకాశం కనిపించలేదు. అప్పటికి శంషాబాద్ వచ్చింది.

"మరి ఆ అక్షరం టీవీలో ఎందుకు కనపడదు?" అన్నాను.

వేణు సేటు వైపు చూశాడు. "అన్ననే అడుగుండ్రి."

సేటు ఫోన్‌లోకి చూస్తున్నాడు. వేణే చెప్పాడు. మొదట్లో ఆకాశం కనపడకపోతే చుక్క పోయి తెర ఖాళీ అయ్యేదట. పెట్రోలు బంకు రేకుల కింద ఆగితే పోయేది. ఇంటివాళ్లు బండి మాయమైందని ఏడుపులు, ఫోన్లు. "ఖాళీ ఉండొద్దు అన్నడు అన్న. వి వస్తే పాత జాగనే మల్ల మల్ల వెయ్యమన్నడు. ఏసిన."

"మరి లైవ్ అని మెరుస్తూ ఉంటుందే?"

"గది బొమ్మ సార్. ఊకె మెరుస్తది. దేనికీ కనెక్షన్ లేదు."

దీన్ని చెబుతున్నప్పుడు అతనిలో సిగ్గు ఏమాత్రం కనిపించలేదు. అడిగినట్టు చేశాడు, డబ్బు తీసుకున్నాడు. నమ్మవద్దని చెప్పే ఒకే ఒక్క అక్షరాన్ని తీసి పారేసి, దాని చోట మెరిసే బొమ్మ పెట్టాడు. జగిత్యాల లాడ్జి మేనేజరు నాకు గుర్తొచ్చాడు. అతను వీళ్లిద్దరి కన్నా నిజాయితీపరుడు. ఆగిన గడియారం చూసి ఎవరినీ కొలువులోంచి తీయలేదు.

సేటు మూత తీసుకుని తానే బిళ్ళ మీద పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. ప్రతిసారీ ఫోన్‌లో చుక్క మాత్రం బుద్ధిగా అక్కడే ఉంది, లైవ్ మెరుస్తూనే ఉంది. ఆటయ్యాక జేబులోంచి తాళం తీశాడు.

"సరె, తేలింది గదా. తీస్కో రాజేశం. నువ్వే తోలు ఇంటిదాక."

రాజేశం చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "గ్రూపుల రాయి సేటూ."

"రాస్త తియ్యి. ఇంటికి పోయినంక."

"ఫొటో పెట్టినప్పుడు ఇంటికి పోయినంక పెట్టలే గదా. నిల్సున్న జాగలనే పెట్టినవ్."

"ఏం రాయాలె చెప్పు? మా టీవీ గలత్ చూపెట్టింది అని రాయాల్నా? రేపు ఒక్క ఇల్లు నా బండి ఎక్కుతదా? నీ ఒక్కని కోసం నా దుకాణం బందు పెట్టుకోవాల్నా?"

"మరి నా ఒక్కని ఇజ్జత్?"

సాంచెలు టకటకమంటూనే ఉన్నాయి. సేటు తాళాన్ని బానెట్ మీద పెట్టాడు. రాజేశం దాని వైపు చూడకుండా, వేణుకు దండం పెట్టి, వీధి చివరకు నడిచాడు. నా సిరిసిల్ల పని ఎలాగూ ఊరు చూడటమే. అతని వెంట బస్టాండుకు నడిచాను.

బస్టాండు

బెంచీ మీద కూర్చుని మిరపకాయ బజ్జీలు తిన్నాం. అతను రెండే తిన్నాడు. ఆలోపు ఫోన్ మోగింది. మల్లాపూర్ వైపు ఊరి నుంచి ఒక పెద్దావిడ. వచ్చే నెల ఆవిడ కొడుకు వెళుతున్నాడు, రాజేశం వస్తాడని ముందే మాట. అవతలి గొంతు నాకూ వినిపించింది.

"బిడ్డా, నువ్వు తాగుతవని అంటుండ్రు. నిజమేనా?"

"లేదవ్వా."

"నాకెరుకే తాగవని. కని మా కోడలు బుగులువడ్తున్నది. వేరేటోన్ని మాట్లాడిండ్రు. ఏమనుకోకు."

"ఏమనుకుంట అవ్వా, మంచిగ పోయిరమ్మను."

ఫోన్ జేబులో పెట్టుకుని, బజ్జీ కాగితం మడిచాడు. "గీయవ్వను మూడుసార్లు తీస్కపోయి తీస్కచ్చిన సార్. ఒకసారి తొవ్వల కడుపుల నొప్పి లేస్తే బండి ఆపి బట్ట గప్పిన. గావన్ని ఎక్కడ రాసుకోలే పెట్టె." కోరుట్ల బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీలోంచి ఒక్క మాట అన్నాడు: "సకినాలు మాత్రం మంచిగ చేరినయంట."

నేను ఆ రాత్రి సిరిసిల్లలో ఉండి మర్నాడు ఇంటి దారి పట్టాను. తిరిగొచ్చాక మూడు ఫోన్లు చేశాను. వి అక్షరం రాగానే "తెలియదు" అని చూపించేలా మార్చడం తనకు పూట పని కూడా కాదని, సేటు అడిగితే చేస్తానని వేణు చెప్పాడు. సేటు అడగలేదు. గంగాధర్ సేటు నన్ను గుర్తుపట్టి, పత్రికలో రాస్తే టీవీ ఫొటో కూడా వేయించమన్నాడు. గ్రూపు మాట ఎత్తితే, "రాస్త సార్, టైం దొర్కుతలేదు" అన్నాడు. రాజేశం ట్రాక్టరు మీద పసుపు బస్తాలు తోలుతున్నాడు. సేటు గ్రూపులో ఆ ఒక్క వాక్యం రాసేదాకా బండి తాళం ముట్టనన్నాడు. సేటు కూడా మళ్లీ పిలవలేదు.

ఇది రాస్తున్న నాటికి, రాజేశం ఫోన్‌లో చెప్పినదాన్ని బట్టి, ఆ తాళం కోరుట్లలో టీవీ కింద మేకుకే ఉంది. ఎర్ర సున్నాల ఫొటో గ్రూపులో ఉంది. దాని కింద నవ్వే బొమ్మలు ఇప్పుడు పదకొండు. సేటు రాయాల్సిన వాక్యం ఇంకా రాలేదు.